ఊడిపోతే పడవూ?

గరాజ్‌లో రెండు స్టూళ్ళ మీద స్కీని పెట్టి, చేతిలో డ్రిల్లు పట్టుకుని పావుగంటగా నిలబడి ఉన్నాను. స్కీకి ఎనిమిది చొప్పున పదహారు కన్నాలు వెయ్యాలి. ఇప్పటికి వేసినవి సున్నా. ఫోన్ స్పీకర్లో తెనాలి నుంచి అమ్మ.

"ఏం చేస్తున్నావే?"

"స్కీలకి బైండింగ్‌లు బిగిస్తున్నానమ్మా."

"అంటే?"

"బూటుని స్కీకి పట్టి ఉంచే తాళం లాంటిది. కాలు మెలిపడితే దానంతటదే ఊడిపోవాలి."

"ఊడిపోతే పడవూ?"

నవ్వేశాను గానీ, ఆ తర్వాత ఆలోచిస్తే అమ్మ అడిగిందాంట్లో నవ్వడానికేం లేదు. నడుస్తుండగా చెప్పు పట్టీ తెగితే బోర్లా పడతాం. కాలికి తగిలించుకున్నది కాలిని వదలకూడదన్నది ఎవరికైనా తట్టే న్యాయం. స్కీలు చేసినవాళ్ళు కూడా చాలా కాలం ఆ న్యాయాన్నే నమ్మారు.

బైండింగ్ చరిత్ర చెప్పేవాళ్ళందరూ నార్వేలోని మోర్గెదాల్ అనే ఊరి నుంచి మొదలుపెడతారు. సోంద్రె నూర్హైమ్ 1825లో అక్కడ పుట్టాడు. సొంత భూమి లేని కౌలు రైతు, వడ్రంగం తెలిసినవాడు. అప్పటికి స్కీ అంటే ఒక పొడుగాటి చెక్క, బొటనవేళ్ళ దగ్గర ఒక పట్టీ, అంతే. మడమ గాల్లోనే ఉంటుంది. చదునైన మంచు మీద నడవడానికి అది చాలు. కొండ మీంచి దూకితే మాత్రం కాలు ఒకవైపు, చెక్క ఒకవైపు. నూర్హైమ్ సన్నటి కొమ్మల్ని మెలిపెట్టి తాడులా చేసి మడమ చుట్టూ తిప్పి కట్టాడు. దాంతో స్కీ కాలి మాట వినడం మొదలుపెట్టింది, దూకినా వెంటే వచ్చింది. 1868లో క్రిస్టియానియాలో, అంటే ఇప్పటి ఓస్లోలో, జరిగిన పోటీలో నలభై దాటిన ఈ కౌలు రైతు పట్నం కుర్రాళ్ళందరినీ దాటేశాడు. తర్వాత 1884లో కుటుంబంతో అమెరికా వచ్చేసి, 1897లో నార్త్ డకోటాలో చనిపోయాడు. ఏటవాలు ఆటకి ఆద్యుడనిపించుకున్న మనిషి చివరి రోజులు గడిపింది బల్లపరుపు ప్రెయిరీలో. ఆ సమాధి మీద చాలా ఏళ్ళు పేరు కూడా లేదు.

ఇక్కడ నాకు ముఖ్యం అనిపించేది ఒకటుంది. ఆ కట్టు ఆయనే కట్టుకున్నాడు. అప్పట్లో బైండింగ్ అనేది దుకాణంలో దొరికే వస్తువు కాదు, ఇంట్లో చేసుకునే పని. గట్టిగా కట్టాడా, వదులుగా కట్టాడా, దాని ఫలితం ఆయన కాలికే.

తర్వాత ఇనుము వచ్చింది. 1894లో ఫ్రిట్జ్ హుయిట్‌ఫెల్ట్ అనే నార్వేజియన్ స్కీ మందంలో అడ్డంగా ఒక తొర్ర తొలిచి, అందులోంచి ఇనప పట్టీ దూర్చి, రెండు కొసల్నీ చెవుల్లాగా పైకి వంచాడు. బూటు ఆ చెవుల మధ్య ఇరుక్కుంటుంది. బాగానే పట్టింది గానీ, బరువంతా పడే చోటే స్కీకి తొర్ర పెడితే ఏమవుతుంది? చెక్క అక్కడే బలహీనపడుతుంది. డ్రిల్లు పట్టుకుని తటపటాయిస్తున్న నాకు ఆయన మీద కొంచెం కోపం, కొంచెం జాలి.

1930 ప్రాంతంలో స్విట్జర్లండ్‌లో గిడో రూజ్ తయారుచేసిన బైండింగ్‌తో మడమ కూడా కట్టుబడిపోయింది. వీళ్ళది పాటలు పాడే పెట్టెలు, అదే మ్యూజిక్ బాక్సులు, చేసే కుటుంబం. స్ప్రింగులతో పరిచయం ఉన్న చెయ్యన్నమాట. ఒక ఉక్కు తీగ బూటు మడమ చుట్టూ తిరిగి వస్తుంది, ముందున్న మీట నొక్కితే బిగుసుకుంటుంది. దాని పేరు కాందహార్. స్విట్జర్లండ్ మంచుకి అఫ్ఘన్ ఊరి పేరేమిటని వెతికితే మన వాకిట్లోకే వచ్చి పడ్డాను. కాన్పూరులో పుట్టిన లార్డ్ రాబర్ట్స్ అనే బ్రిటిష్ సైన్యాధికారి 1880లో కాబూల్ నుంచి కాందహార్‌కి సేనని నడిపించి, ఆ ఊరిని తన బిరుదులో కలుపుకున్నాడు. మరుసటేడు మద్రాసు సైన్యానికి అధిపతి అయ్యాడు. 1911లో ఆయన పేరు మీద ఒక స్కీ పందేనికి కప్పు పెట్టారు. ఆ కప్పు మీంచి 1924లో మూరెన్‌లో పెట్టిన స్కీ క్లబ్బుకీ, క్లబ్బు మీంచి బైండింగ్‌కీ పేరు దిగింది. సామ్రాజ్యం ఎక్కడెక్కడ పేర్లు జారవిడిచి పోయిందో చూడండి.

కాందహార్ తీగ బూటుని వదిలే రకం కాదు. బూటు ముందుభాగాన్ని పట్టుకునే ఆ ఇనప దవడలకి అమెరికాలో పెట్టిన ముద్దుపేరు ఎలుగుబంటి బోను. పొడుగాటి స్కీ కొన మంచులో గుచ్చుకుని పక్కకి తిరిగితే అది ఒక పెద్ద మీటలాగా పనిచేస్తుంది. మీటకి రెండో కొసన ఉన్నది మోకాలి కింది ఎముక. స్కీ విరగాలి, లేదా ఎముక విరగాలి. ఎక్కువగా ఎముకే విరిగేది. అయినా చాలామంది అమ్మలాగే ఆలోచించారు. ఊడిపోతే పడమూ?

ఆ ప్రశ్నని తిరగేసిన వాళ్ళలో ముందువరసలో ఉన్నవాడు మా ఊరి మనిషే. మా ఊరంటే తెనాలి కాదు, పోర్ట్‌లండ్. మేముండే హిల్స్‌బరో దాని పక్కనే. మబ్బు లేని రోజున ఆఫీసుకి పోతుంటే ఎదురుగా మౌంట్ హుడ్ కనబడుతుంది. యాల్మార్ వామ్ నార్వేలో పుట్టి, 1927లో అమెరికా వచ్చి, పోర్ట్‌లండ్‌లో స్థిరపడ్డాడు. 1932లో జాతీయ ఛాంపియన్. 1937లో మౌంట్ హుడ్ మీద పందెం గెలిచి, సరదాకి మళ్ళీ పైకెక్కి దిగుతూ పడ్డాడు. కాలు మెలిపడి విరిగింది. ఆస్పత్రిలో ఈథర్ మత్తు దిగుతుండగానే నర్సుని కాగితం, పెన్సిలు అడిగి, బూటు పక్కకి మెలితిరిగితే వదిలేసే బైండింగ్ బొమ్మ గీశాడని చెప్తారు. ఇలాంటి కథలకి చెప్పేకొద్దీ మెరుగు వస్తుంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ 1939 నాటి పేటెంటు మాత్రం నిజం. 'సేఫ్-స్కీ' అని పేరు పెట్టి తన దుకాణంలోనే అమ్మాడు. పందేల వాళ్ళు నమ్మలేదు. మధ్యలో వదిలేస్తుందని వాళ్ళ భయం. అది వదిలెయ్యడానికే ఉందని అర్థం కావడానికి ఇంకో తరం పట్టింది. 1950ల్లో ఫ్రాన్స్‌లో జాఁ బేల్, జర్మనీలో హానెస్ మార్కర్, న్యూజెర్సీలో మిచ్ కబ్బర్లీ తలో దారిలో వదిలే బైండింగ్‌లు చేశారు. 60ల్లో ప్లాస్టిక్ బూట్లు వచ్చాక గానీ బూటు అట్టలకి ఒక ప్రామాణికమైన ఆకారం కుదరలేదు. తోలు బూటు ఎలా వంగుతుందో, ఎంత రాసుకుంటుందో ఎవడికి తెలుసు!

ఎంత బలానికి వదలాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. దీనికి జవాబు ఇప్పుడు ఒక పట్టికలో ఉంటుంది. మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అట్ట పొడవు, మీరు ఎంత దూకుడుగా దిగుతారు, ఇవన్నీ వేస్తే ఒక నెంబరు వస్తుంది. బైండింగ్ మీద చిన్న కిటికీలో కనబడే డిన్ నెంబరు అదే. దాని వెనకున్న లెక్క మోకాలి కింది ఎముక ఎంత మెలికని, ఎంత వంపుని తట్టుకుంటుందన్నది. 1972 నుంచి వెర్మాంట్‌లోని ఒక కొండ మీద కార్ల్ ఎట్లింగర్, రాబర్ట్ జాన్సన్, జాస్పర్ షీలీ అనే ముగ్గురు ఏళ్ళ తరబడి దెబ్బలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. కింది ఎముక విరగడం బాగా తగ్గింది. కానీ 70ల చివర నుంచి మోకాలి లోపలి లిగమెంటు తెగడం పెరుగుతూ వచ్చింది. బైండింగ్‌కి తెలిసింది ఎముక బలమే. మోకాలి సంగతి దానికెవరూ నేర్పలేదు.

మరి నేనెందుకు గరాజ్‌లో? స్కీలు సెకండ్‌హ్యాండ్‌లో వట్టివి కొన్నాను, బైండింగ్‌లు నా పాత జత మీంచి విప్పినవి. షాపుకి తీసుకెళ్తే కుర్రాడు కంప్యూటర్లో చూసి, ఈ మోడల్ లిస్టులో లేదు, ముట్టుకోం అన్నాడు. షాపువాడు పద్ధతి ప్రకారం బిగించి, పరీక్ష చేసి, కాగితం మీద మీ సంతకం తీసుకుంటే, రేపు కాలు విరిగి కేసు పడినా కంపెనీ అతని వెనక నిలబడుతుంది. కంపెనీ ఏటా ఇచ్చే లిస్టులోంచి పాత మోడల్ జారిపోతే ఇంకెవరూ నిలబడరు. స్ప్రింగు బాగుందా లేదా అని అతను చూడలేదు. చూడాల్సిన అవసరమే లేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే డ్రిల్లు బిట్టు ఆర్డర్ చేశాను.

పని మాత్రం ఓపికతో తప్ప కోపంతో అయ్యేది కాదు. కన్నాల నమూనా కాగితం మీద ప్రింట్ తీసి, స్కేలుతో సరిచూడాలి. ప్రింటర్ పేజీకి సర్దడం కోసం రెండు శాతం కుదించిందంటే అంతే సంగతులు. స్కీ వెడల్పు నాలుగైదు చోట్ల కొలిచి సగాలు గుర్తుపెట్టి మధ్యగీత గియ్యాలి. స్కీ నడుము సన్నం, కొసలు వెడల్పు, కాబట్టి అంచుని నమ్మడానికి లేదు. బూటు పక్కన ఉండే మధ్యగీత స్కీ మీది గీతకి కలవాలి. పంచ్‌తో చిన్న గుంట కొడితే బిట్టు జారదు. లోపల లోహపు రేకు ఉన్న స్కీకి 4.1 మిల్లీమీటర్ల బిట్టు, లేనిదానికి 3.5. లోతు 9 మిల్లీమీటర్లు. అంతకన్నా దిగితే అడుగు పొర పొంగుతుంది, ఇంకా దిగితే అవతల తేలుతుంది. అసలు కొలతగా ఆగే కాలరు ఉన్న బిట్టు దొరుకుతుంది. అయినా మనసాగక బిట్టుకి టేపు కూడా చుట్టాను.

మొదటి కన్నం వేశాక భయం పోయింది. రజను రంగులు మారుతూ వచ్చింది. ముందు పై ప్లాస్టిక్, తర్వాత తెల్లటి ఫైబర్‌గ్లాస్, ఆ తర్వాత వెండిలా మెరిసే రేకు, చివరికి కర్ర. ఇన్ని పొరల కింద ఇంకా కర్రే. రేకుకి మర తెగాలంటే ట్యాపు తిప్పాలి. కన్నంలో జిగురు వేస్తే నీళ్ళు దిగవు. ఇక స్క్రూలు చూడ్డానికి మామూలు ప్లస్ గుర్తులాగే ఉంటాయి గానీ అవి పోజీడ్రైవ్. మూడో నెంబరు డ్రైవరే సరిగ్గా కూచుంటుంది. ఈ సంగతి తెలియక కొన్నేళ్ళ కిందట ఇంట్లో ఉన్న ఫిలిప్స్‌తో ఒక తల పూర్తిగా అరగదీసిన చరిత్ర నాకుంది. చివరి చుట్లు చేత్తోనే తిప్పాను. మెషీన్‌కి ఎక్కడ ఆగాలో తెలీదు.

తర్వాత పట్టిక. వయసు గడిలో యాభై దాటితే ఒక వరస మారుతుంది, నెంబరు తగ్గుతుంది. నాకు యాభై నిండి నాలుగు నెలలు. షాపులో అయితే పుట్టినరోజు అడిగేవాళ్ళు. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. దూకుడు గడి దగ్గర కూడా చెయ్యి కాసేపు ఆగింది. పై రకం రాసుకోవాలని ఎవరికుండదు! పెన్సిలుతో రాసి, చెరిపి, నిజం రాశాను. సంతకం అక్కర్లేని చోట నిజం రాయడం ఇంత కష్టమా అనిపించింది.

హాల్లో కార్పెట్ మీద బూటు తొడుక్కుని పాతకాలం పరీక్ష చేశాను. స్కీని లోపలి అంచు మీద వాల్చి, పాదాన్ని నెమ్మదిగా లోపలికి తిప్పాలి. కుడిది టక్కుమని వదిలింది. ఎడమది వదల్లేదు. బూటు అడుగు తుడిచాను, ముందుభాగం ఎత్తు సరిచేశాను, స్క్రూలు ఇంకోసారి చూశాను, నెంబరు అట్టడుగుకి దించాను. మోకాలు నొప్పెట్టింది గానీ బైండింగ్ వదల్లేదు. లోపల స్ప్రింగో, ప్లాస్టిక్కో ఎక్కడో పట్టేసింది. షాపు కుర్రాడు వద్దనడమే సరైంది. అతను చెప్పిన కారణం మాత్రం ఇది కాదు.

ఆ రాత్రే పదహారు స్క్రూలూ విప్పాను. కన్నాల్లో జిగురు పోసి, ప్లాస్టిక్ బిరడాలు కొట్టి, పైకి తేలిన ముక్కల్ని చాకుతో కోశాను. మర్నాడు అమ్మ ఫోన్ చేసింది.

"ఏమైందే, ఊడిందా?"

"కుడిది ఊడింది. ఎడమది ఎంత తిప్పినా ఊడలేదు."

"పోన్లే, ఒకటన్నా గట్టిగా ఉంది."

కొత్త బైండింగ్‌లు బుధవారం వస్తాయి. ఇవి లిస్టులో ఉన్నవి. వాటి నమూనా స్కీ మీద పరిచి చూస్తే రెండు కన్నాలు పాతవాటికి మరీ దగ్గరగా పడుతున్నాయి, బిరడాకీ కొత్త కన్నానికీ మధ్య కర్ర మిగలడం లేదు. మొత్తం ఒక సెంటీమీటరు వెనక్కి జరిపితే సరిపోతుంది. పెన్సిలు గీతలు చెరిపి మళ్ళీ గీస్తున్నాను.