కత్తికి లొంగని కాలం

ఈ కథ ఎక్కడ ముగుస్తుందో మనకు తెలుసు. తెలిసి కూడా మొదటినుంచి చెప్పుకోవాలనిపిస్తుంది, మధ్యలో ఎక్కడైనా అడ్డం నిలబడి ఆపగలమేమో అని.

కోదాడ దగ్గర గుడిబండలో 1923 నవంబర్ 16న పుట్టాడు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. ఊళ్లో భూమి ఉంది, తిండికి లోటు లేదు. కానీ నాటకాల పిచ్చి పట్టింది. ఒకసారి మొహానికి రంగు పూసుకున్నాక ఊరు ఆయన్ను పట్టి ఉంచలేకపోయింది. మద్రాసు చేరాడు. హెచ్.ఎం. రెడ్డి చేరదీసి 1953లో 'ప్రతిజ్ఞ'తో హీరోని చేశారు. ఆ రోజుల్లో తెలంగాణ పిల్లవాడికి అది చిన్న సంగతి కాదు.

ఆ తర్వాత దర్శకుడు విఠలాచార్య సినిమాలు. 'జయవిజయ', 'గురువును మించిన శిష్యుడు', 'జ్వాలాద్వీప రహస్యం'. మాంత్రికుడు నవ్వాలి, రాకుమారి ఏడవాలి, ఈయన కత్తి దూయాలి. మా పెద్దలకు ఇప్పటికీ ఆయన ఇంటిపేరు తాడేపల్లి కాదు, కత్తి.

నాకు మాత్రం ఆయన పేరు వింటే 1963 నాటి 'లవకుశ' గుర్తొస్తుంది. అన్న మాట జవదాటలేక, వదినకు నిజం చెప్పలేక, సీతమ్మను అడవిలో దించి రథం మళ్లించలేక తల్లడిల్లిన లక్ష్మణుడు. అక్కడ కత్తి లేదు, ఆ కళ్లే ఉన్నాయి. ఆ కళ్లకు తగిన వేషాలు ఇంకొన్ని రాసి ఉంటే! ఎవరూ రాయలేదు.

1966లో 'గూఢచారి 116' వచ్చింది, 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'. జనం కత్తిని వదిలి తుపాకీ వెంట పోయారు. తనకు తగ్గిన వేషాలను తానే కల్పించుకుందామనుకున్నాడో ఏమో, కాంతారావు నిర్మాత అయ్యాడు. 1969లో 'సప్తస్వరాలు'. అక్కడ ఆగితే బాగుండేది. ఆగలేదు. 'గండర గండ', 'ప్రేమజీవులు', 1974లో 'గుండెలు తీసిన మొనగాడు'. ఆస్తి కరిగిపోయింది, పొలాలు అమ్ముడుపోయాయి. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో కోదాడ వైపు వరి పచ్చబడిన కాలం అది. అమ్మకుండా ఇంకొన్నాళ్లు ఓపిక పట్టి ఉంటే... ఈ మాట అనుకోని అభిమాని లేడు. ఆయన్ను పిచ్చివాడన్నవాళ్లూ ఉన్నారు. నేననలేను. రంగు వేసుకోకుండా బతకడం ఆయనకు చేతకాలేదు, అంతే.

1989లో, అరవై ఐదేళ్ల వయసులో, మళ్లీ ఒకటి తీశాడు, 'స్వాతి చినుకులు'. చెయ్యి పట్టి ఆపేవాళ్లు అప్పుడూ లేకపోయారు.

చివరికి చిన్నాచితకా వేషాలు, టీవీ సీరియళ్లు, డబ్బుకు కటకట. 2009 మార్చి 22న హైదరాబాద్‌లో క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది. నాలుగు నెలలు దాటాక, జూలై 31న, 'మగధీర' విడుదలైంది. థియేటర్లలో జనం మళ్లీ కత్తియుద్ధానికి ఈలలు వేశారు.