మాట వెనుక కథ: నిడివి

పొడవును కంటితో చూస్తాం, నిడివిని లెక్కగట్టి చెబుతాం. సినిమాకూ వ్యాసానికీ నిడివే అంటాం. మూలం ‘నిడు’; నిడుద, నిడుపు దాని సంతానమే. తమిళంలో ‘నెడు’.

ఇంటర్నెట్ ఫోన్ కాల్‌ను కలిపే సిప్ ప్రోటోకాల్‌కు (ఆర్‌ఎఫ్‌సీ 3261, 2002) ఏపీఐ రాసేవారికి ఈ మాట చాలా అవసరం. అందులో హెడర్‌కు ముందుగా తేల్చిన నిడివి ఉండదు. వరుస ముగిసేదాకా చదవాలి.

పసుపు పండే ముప్కాల్ నుంచి ఒకరు కాల్ చేస్తూ, హెడర్‌లో కనిపించే పేరుగా ఊరి పేరును తెలుగులో పెట్టుకున్నారనుకోండి. కంటికి ము, ప్కా, ల్: మూడే. యూనికోడ్‌కు మాత్రం మ, ఉకారం, ప, పొల్లు, క, దీర్ఘం, ల, మళ్లీ పొల్లు: మొత్తం 8. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 చొప్పున 24 బైట్లు. ఇంగ్లిష్ లిపిలో అయితే 6 చాలు. 16 బైట్ల గడి కట్టిన ఏపీఐలో దీర్ఘం మొదటి బైటు దగ్గరే పేరు తెగుతుంది. ‘ముప్క’ మిగిలి, పక్కన చదవరాని ముక్క పడుతుంది. ఊరి పేరును అలా నరకడం అన్యాయం. గడి కట్టకుండా బైట్లనూ వాటి నిడివినీ జతగా అందించాలి. ఆ నిడివి అక్షరాల్లోనా, బైట్లలోనా అన్నది ఏపీఐ పత్రంలో స్పష్టంగా రాయాలి. సిప్‌లోని కంటెంట్-లెంగ్త్ లెక్క బైట్లలోనే.