పలనాటి మందలును వాని సూక్ష్మశత్రువులును

పలనాటి చరిత్రమనగానే వీరులును, ఖడ్గములును, కారెంపూడి రణరంగమును మన తలపునకు వచ్చును. అయినను పండ్రెండవ శతాబ్దమునాటి యా కథను పరిశీలించినచో దాని నడుమ పసులమందలును, కోళ్లును నిలిచియుండుట కానవచ్చును. నేటికిని కారెంపూడిలో ఏటేట జరుగు వీరారాధనోత్సవమున అయిదు దినములలో ఒకదానికి మందపోరనియు, మఱియొకదానికి కోడిపోరనియు పేళ్లు. మందను గాచుచు ప్రాణము విడిచిన లంకన్నను మనవారు నేటికిని తలంచుచున్నారు. కాని కత్తిలేక, చప్పుడులేక, ప్రతిదినమును మంద నెత్తురు త్రాగు శత్రువును గూర్చి పాడినవారు లేరు. గోమార్లు, పిడుదులు, పేలు, గజ్జిపురుగులు, జోరీగలు మొదలగునవియే యా శత్రువులు. పశుపాలనము కులవృత్తిగా గల యాదవ సోదరులకు ఈ చరిత్రము తెలిసియుండుట యావశ్యకమని తలంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మన పూర్వులు వీనిని గమనింపకపోలేదు. భారతము శాంతిపర్వమున, పరశురాముడు కర్ణుని తొడపై తలయిడి నిద్రించుచుండగా ఒక క్రిమి యా తొడను తొలిచి నెత్తురు త్రాగినట్లు చెప్పబడినది. అలర్కమను నా క్రిమికి ఎనిమిది కాళ్లును, వాడికోఱలును, సూదులవంటి రోమములును గలవట. ఈగకును పేనుకును కాళ్లు ఆఱే. పెరిగిన గోమారికి ఎనిమిది. ఇది పురాణకథయే యైనను, ఇట్లు వర్ణించిన కన్ను పసులకొట్టము నెఱిగిన కన్నని నా యభిప్రాయము.

చరకసంహిత విమానస్థానమున క్రిములు ఇరువది తెగలని చెప్పి, శరీరముపై నుండు యూకాదులను బాహ్యములుగ వేఱుపఱచిరి. చికిత్స మూడు విధములు: క్రిమిని తీసివేయుట అపకర్షణము, అది బ్రదుకుటకు వీలులేకుండ జేయుట ప్రకృతివిఘాతము, అది కలుగు హేతువును తొలగించుట నిదానపరివర్జనము. ఇది మనుష్యులకై చెప్పినదైనను మందకు సైతము చక్కగ వర్తించును.

గోమారి చేయు హాని యెట్టిదో చూతము. ఆడుగోమారి కడుపునిండ నెత్తురు త్రాగి ఆముదపుగింజవలె నుబ్బును. లాటినుభాషలో గోమారికి రిసినస్ అని పేరు. ఆముదపుచెట్టునకు శాస్త్రజ్ఞులు వాడునదియు నా పేరే. అట్లుబ్బిన గోమారి నేలబడి వేలకొలది గ్రుడ్లు పెట్టి చచ్చును. పిల్లలు గడ్డికొనలకెక్కి, తిండిలేకయే దినములు, నెలలు పశువుకొఱకు కాచుకొనియుండును. వందలకొలది పట్టిన పశువు రక్తహీనమై చిక్కిపోవును, పాలు తగ్గును, దూడయు గొఱ్ఱెపిల్లయు పెరుగవు. కుట్టినచోట పుండుపడి, ఈగ వ్రాలి పురుగు పట్టును. తోలు చెడి వెలకు రాదు. గజ్జిపురుగు చర్మమును తొలిచి దురదచే మేత మాన్పించును. కోడిపిడుదు పగలు గోడనెఱ్ఱెలలో దాగి, రాత్రి వెడలి కోడి నెత్తురు పీల్చును.

అంతకంటె ఘోరమైనది జ్వరము. 1880లో గ్రిఫిత్ ఇవాన్సు డేరా ఇస్మాయిల్‌ఖానులో సర్రా రోగముగల గుఱ్ఱముల నెత్తుట సూక్ష్మజీవిని కనుగొనెను. ఆ రోగమును జోరీగలు వ్యాపింపజేయును. 1893లో అమెరికాలో థియోబాల్డు స్మిత్తును, కిల్‌బోర్నును పసుల టెక్సాసు జ్వరము గోమారిచేతనే వ్యాపించునని నిరూపించిరి. రోనాల్డు రాసు మన సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమయందు మలేరియా క్రిమిని చూచుటకు నాలుగేండ్ల పూర్వమే గోమారి రహస్యము బయటపడినదన్నమాట! అమెరికావారు 1906లో పూని, పసులకు మందునీటి స్నానములు చేయించి, పచ్చికబీళ్లను ఖాళీగా నుంచి, 1943 నాటికి ఆ గోమారిని దేశమున దాదాపుగా నిర్మూలించిరి.

మన పలనాటి మాటకు వత్తము. పూర్వము మంద ఒకచోట నిలిచెడిది కాదు. ఎరువుకై రైతుల చేలలో మందకట్టి, కొలదిరాత్రులకే తావు మార్చెడివారు. గోమారి గ్రుడ్లు పొదుగునప్పటికి మంద దూరమగుటచే, పిల్లలలో పెక్కు ఆకలిచే నశించును. మనవారి సంచారము దారిద్ర్యలక్షణము కాదు, అదియే నిదానపరివర్జనము! పచ్చిక కఱవైనప్పుడు మందకు కలుగు బాధ మనవారికి క్రొత్తది కాదు. కాటమరాజు కథకు మూలము పచ్చికయే. పుల్లరికై తిరుగబడిన మించాలపాటి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకికి బలియైనదియు పచ్చికకొఱకే. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిదప బీళ్లు పెక్కు పొలములైనవి. దేశమున కన్నము పెరిగినది, సంతోషమే. కాని మందకు తావు తగ్గినది. ఒకే కొట్టమున, ఒకే గట్టున నిలిచిన మందను గోమారి సులభముగ పట్టుకొనును.

మఱియొక హెచ్చరిక. మన ఒంగోలుజాతి పశువులకు పలుచని నున్నని రోమమును, ఈగ వ్రాలినంతనే చలించు చర్మమును గలవు. ఉష్ణమునకును గోమారికిని ఓర్చు గుణముచేతనే అవి బ్రెజిలునకు బోయి, నెల్లూరి పేరనే నెలోరె యనబడి యక్కడ వర్ధిల్లినవి. పాలకై మనము తెచ్చిన సంకరజాతి ఆవులకు ఆ యోర్పు తక్కువ. గోమార్లవలన థైలీరియా, బబీసియా జ్వరములు వీనిని త్వరగా పడవేయును. మెడగడ్డలు వాచినను, మూత్రమెఱ్ఱనైనను వెంటనే పశువైద్యుని పిలువవలయును. మాచెర్ల పేరుగల గొఱ్ఱెజాతియు మన సొత్తే, దానిని చేజార్చుకొనరాదు.

కావున చేయదగినది పూర్వుల మూడుమార్గములే. ప్రతిదినమును చెవులవెనుక, తోకక్రింద, పొదుగుప్రక్కల చేయిపెట్టి చూచి, గోమార్లను తీసి కాల్చవలయును, చేత నలుపరాదు. వైద్యుడు చెప్పిన మందును చెప్పిన పాళములోనే, మందనంతటిని ఒకేసారి పట్టింపవలయును. తక్కువపాళముచే గోమారి మందునకు అలవాటుపడును, ఎక్కువపాళముచే పశువునకే ముప్పు. మందు వాడినపిమ్మట కొన్నాళ్లు పాలను వాడరాదు. ఎన్నినాళ్లో వైద్యునడిగి తెలిసికొనవలయును. సీతాఫలపుగింజల పొడి పేలకు మంచిదేకాని కన్నులకు సోకరాదు. కొట్టపుగోడల నెఱ్ఱెలు పూడ్చి సున్నము కొట్టవలయును. మేతతావులను వంతులుగా మార్చవలయును. ఇది యొక్కరివలన గాదు, ఊరంతయు గలసి చేయవలసినది.

2022 ఏప్రిలు 4న నరసరావుపేట ముఖ్యపట్టణముగా పలనాడు ప్రత్యేక జిల్లా యయ్యెను. పోషకమహాశయులు సభాభవనములకిచ్చు ధనములో కొంత మందునీటి తొట్లకును, పశువైద్యవిద్య నభ్యసించు మన బాలుర జీతములకును కేటాయింతురుగాక. విరాటుని కొలువున తంతిపాలుడై గోవులను గాచిన సహదేవుడు తన విద్యను చిన్నతనముగ నెంచలేదు. మన యువకులును ఆ విద్యను గౌరవించి, మూగజీవుల యాశీస్సును బడయుదురుగాక!