సరళీ స్వరాలు, అంకెలు, కంప్యూటర్

కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లు ఎవరైనా మొదట పాడేది మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు. ఈ పద్ధతి పెట్టింది పురందరదాసు అని పెద్దలు చెబుతారు. ఆయన పేరుతో ఉన్న మంటపం హంపిలో తుంగభద్ర ఒడ్డున ఇప్పటికీ ఉంది. ఆ హంపి 2021 దాకా మన బళ్లారి జిల్లాలోదే. నోటితో, చెవితో సాగిన ఆ పాఠాన్ని 20వ శతాబ్దంలో కంప్యూటర్‌కి నేర్పాలని చూశారు. ఆ చరిత్రే ఈ వ్యాసం.

శబ్దం అంటే గాలిలో కదలిక. ఆ కదలికను సెకనుకి కొన్ని వేల అంకెలుగా లెక్కగట్టి స్పీకర్‌కి పంపితే కంప్యూటర్ పాడుతుంది. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మాక్స్ మాథ్యూస్ అనే ఇంజనీరు ఇందుకు ఒక ప్రోగ్రాం రాసి, ఐబీఎం 704 అనే పెద్ద యంత్రం మీద 17 సెకన్ల సంగీతం వినిపించారు.

1980ల్లో కంప్యూటర్ ఇంట్లో బల్ల మీదికి వచ్చింది. ఇంగ్లండులో తయారైన బీబీసీ మైక్రో అలాంటిదే. 1984లో మన ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద మొదట 250 పాఠశాలలకు ఇచ్చింది దీన్నే. దాని మెమరీ 32 కిలోబైట్లే. స్వరం పుట్టించడానికి అందులో వేరే చిప్ పెట్టారు. బేసిక్ భాషలో ‘సౌండ్ 1, -15, 53, 20’ అని కొడితే చాలు. 1 అంటే చానెల్, -15 అంటే బాగా గట్టిగా, 53 అంటే స్వరం ఎత్తు, 20 అంటే ఒక సెకను.

దీంతో మన సరిగమలు ఎలా పలికించాలో చూద్దాం. హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య తేడా ఇక్కడ 4 అంకెలు. షడ్జమం 53 అనుకుంటే మాయామాళవగౌళ ఆరోహణ ఇదీ: 53, 57, 69, 73, 81, 85, 97, 101. ఎనిమిది అంకెలు, ఎనిమిది వరుసలు, అంతే!

గానీ ఇది ఇంకా పాట కాదు. మన గాయకులు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి దూకరు, ఊపుతూ, జారుతూ వెళ్తారు. దాన్నే గమకం అంటాం. బీబీసీ మైక్రోలో ‘ఎన్వలప్’ అనే ఆజ్ఞకి 14 అంకెలు ఇస్తే స్వరం పైకీ కిందికీ కదులుతుంది. అయితే ఆ కదలిక మెట్లుమెట్లుగా, ఒకే కొలతలో ఉంటుంది. తోడి రాగంలో గాంధారానికి అది చాలదు.

ఈ కష్టాన్ని పట్టించుకున్నవారిలో ఒకరు చెన్నై వైణికుడు ఎం. సుబ్రహ్మణ్యన్. ఆయన పర్సనల్ కంప్యూటర్ కోసం ‘గాయక’ అనే ప్రోగ్రాం రాశారు. స్వరాలు టైపు చేస్తే అది వాయిస్తుంది. గమకాన్ని ఆయన చిన్నచిన్న స్వరాలుగా, వాటి కాలంగా విడగొట్టారు. ఈ పని గురించి 1999లో ‘సంగీత్ నాటక్’ పత్రికలో వ్యాసం కూడా రాశారు. వీణ వాయించడం తెలుసు కాబట్టే ఆయనకి ఇది సాధ్యమైంది. యంత్రం ఎంత పెద్దదైనా, గాంధారం ఎలా ఊగుతుందో మనిషి చెప్పందే దానికి తెలియదు.

ఈ కథలో మొదటి పాఠం కన్నడ దాసుగారిది, కృతులు తెలుగు త్యాగయ్యవి, ప్రోగ్రాం చెన్నైది. సరిహద్దు జిల్లా పిల్లలం, మనకి ఇలా కలిసి ఉండటం కొత్తేమీ కాదు. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న ఫోను బీబీసీ మైక్రో కంటే ఎన్నో రెట్లు శక్తి గలది. గమకం మాత్రం ఇంకా మేష్టార్ల గొంతులోనే ఉంది. వాళ్లు మన మధ్య ఉన్నప్పుడే దగ్గర కూర్చుని నేర్చుకుని, అంకెల్లో రాసి పెట్టుకోవాలి.