లెక్కకు దొరికారు, పేరుకు దొరకలేదు

మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపటేమియాలో, అంటే ఇవాళ్టి ఇరాక్‌లో, చనిపోయి సమాధి కూడా దక్కని సైనికుల కోసం బాస్రాలో ఒక స్మారకం కట్టారు. 1929 మార్చిలో ఆవిష్కరించారు. 40,500 మందికి పైగా దాని లెక్కలో ఉన్నారు. బ్రిటిష్ సైనికులకైతే మామూలు సిపాయి దాకా అందరి పేర్లూ పెట్టారు. భారతీయుల దగ్గరికొచ్చేసరికి అధికారుల పేర్లతో ఆపేశారు. మిగిలినవాళ్ళకు రెజిమెంటు పేరు, దాని కింద ఒక అంకె. హవల్దారైనా, నాయకైనా, సిపాయైనా ఆ అంకెలో ఒకడు. 1997లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం ఆ కట్టడాన్ని నసిరియా దారిలో ఎడారి మధ్యకు తరలించింది. అంకెలు కూడా రాళ్ళతోపాటే వెళ్ళాయి.

సైనికుల త్యాగాన్ని మరువబోమని ఏటా చెప్పుకుంటాం. ఏ త్యాగం ఎక్కడ నమోదైంది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అని అడగడం దానికి అడ్డేమీ కాదు. స్మరణ పేర్ల నమోదు మీద ఆధారపడుతుందని, ఆ నమోదు అందరికీ ఒకేలా జరగలేదని ఆధారాలు చెబుతున్నాయి. ధైర్యం ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అన్న పాత వాదాలను కూడా ఈ వెలుగులోనే మళ్ళీ చూడాల్సి ఉంటుంది.

ముందు సంఖ్యల సంగతి. మొదటి యుద్ధంలో భారతదేశం పాత్రపై ప్రభుత్వం 1923లో కలకత్తాలో ఒక నివేదిక అచ్చువేసింది. 1919 చివరి దాకా సైన్యంలోకి తీసుకున్నవాళ్ళు 14 లక్షల పైచిలుకని దాని లెక్క. ఇందులో పోరాడే సైనికులు సుమారు 8.77 లక్షలు. తక్కిన 5.63 లక్షల మంది కంచరగాడిదలను తోలినవాళ్ళు, డోలీలు మోసినవాళ్ళు, వంటవాళ్ళు, రోడ్లు వేసిన కూలీలు. మనం రాసే వ్యాసాల్లో ఈ రెండు వర్గాలనూ కలిపి 'సైనికులు' అనేస్తుంటాం. కలపడంలో తప్పులేదు, గుండు తగిలితే ఇద్దరూ చచ్చేది ఒకేలాగ. కాకపోతే కలిపామని చెప్పాలి.

మృతుల సంఖ్య మరీ చిక్కు. ఒక అధికారిక లెక్క 53 వేల దగ్గర ఆగుతుంది. తరచూ వినిపించే ఇంకో లెక్క 74 వేలు. రెండూ కల్పితాలు కావు. యుద్ధ సమాధుల కమిషన్ తన లెక్క కోసం పెట్టుకున్న గడువు 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు. సేవలో ఉండగా గాయాలతోనో జబ్బుతోనో తర్వాత పోయినవాళ్ళు కూడా అందులోకి వస్తారు. ఎప్పటిదాకా లెక్కపెట్టారు, సహాయక సిబ్బందిని కలిపారా లేదా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ సైన్యం అవిభక్త భారతదేశానిది. అందులో ఇవాళ్టి పాకిస్తాన్ ఊళ్ళవాళ్ళు, నేపాల్ గూర్ఖాలు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

1917లో ఏర్పడిన ఆ కమిషన్ మొదట్లోనే ఒక మంచి సూత్రం పెట్టుకుంది. హోదా, జాతి, మతం చూడకుండా చనిపోయినవారందరినీ సమానంగా స్మరించాలి. బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్ ఫ్రెడరిక్ కెన్యన్ 1918లో రాసిన నివేదిక ఈ సూత్రానికి రూపమిచ్చింది. ఐరోపాలో దాన్ని చాలావరకు పాటించారు. ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్ దగ్గర 1915 మార్చి 10 నుంచి 13 దాకా జరిగిన యుద్ధంలో దాడికి దిగిన దళాల్లో సుమారు సగం భారతీయులే. 1927లో అక్కడ ఆవిష్కరించిన స్మారకం మీద 4,700 మందికి పైగా భారత సైనికులు, కూలీల పేర్లు ఉన్నాయి. మరి బాస్రాలో ఎందుకు లేవు?

అప్పట్లో చెప్పిన కారణాలు రెండు రకాలు: రికార్డులు సరిగా లేవన్నది ఒకటి, దహనం చేసే మతాచారం ఉన్నవాళ్ళకు రాతి మీద పేరు అక్కర్లేదన్న ఊహ ఇంకొకటి. మొదటిదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. మెసపటేమియాలోని కూత్ పట్టణంలో 147 రోజులు ముట్టడిలో చిక్కి 1916 ఏప్రిల్ 29న లొంగిపోయిన సుమారు 13 వేల మందిలో ఎక్కువమంది భారతీయులు. ఆ తర్వాత ఎడారి నడకల్లో, బందీ శిబిరాల్లో ఎవరు ఎక్కడ పడిపోయారో రాసిపెట్టే పరిస్థితి లేదు. అయితే ఈ కారణం ఒక్కటే అన్నిటికీ సరిపోదు. ఫ్రాన్స్‌లోనూ మెసపటేమియాలోనూ పోరాడింది ఒకే సైన్యం. పటాలాల గుమాస్తాలు, జాబితాలు రాసే పద్ధతి ఒకటే. పైగా అంకె వేశారంటే ఎవరో లెక్కపెట్టారన్నమాటే. పేర్లు తెలియకుండా రెజిమెంటువారీగా అంత కచ్చితమైన అంకె ఎలా వస్తుంది? రెండో కారణం నవ్ షపెల్ ముందు అసలు నిలవదు. అక్కడ పేర్లున్నవాళ్ళలోనూ దహనాచారం ఉన్నవాళ్ళున్నారు.

ఈ అనుమానం నూరేళ్ళ తర్వాత కమిషన్ నోటే రూఢి అయింది. 2021 ఏప్రిల్‌లో వెలువడిన ప్రత్యేక కమిటీ నివేదిక ప్రకారం 45 వేల నుంచి 54 వేల మంది దాకా ఆసియా, ఆఫ్రికా మృతులను ఇతరులతో సమానంగా స్మరించలేదు. మరో 1,16,000 మందికి, బహుశా 3,50,000 దాకా, పేరుతో స్మారకమే లేదు, కొందరికి ఏ స్మారకమూ లేకపోయి ఉండవచ్చు. రెండో సంఖ్యలో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య అంత దూరం ఎందుకో గమనించాలి. తూర్పు ఆఫ్రికా బరువులు మోసినవాళ్ళ జాబితాలు లేకపోవడం దీనికి ముఖ్య కారణం. కాబట్టి ఆ 3,50,000ను భారత సైనికుల సంఖ్యగా రాయడం తప్పు. అప్పటి సామ్రాజ్యవాద జాతి వివక్షే దీని వెనుక ఉందని నివేదిక దాచుకోకుండా చెప్పింది. కమిషన్ క్షమాపణ చెప్పింది, బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో అదే మాట అన్నారు.

మన దేశంలోనే ఒక అపోహ ఉంది. ఢిల్లీ ఇండియా గేటు మీద మొదటి యుద్ధంలో పోయిన 70 వేల పైచిలుకు సైనికుల పేర్లన్నీ ఉన్నాయనుకుంటారు. 1931లో ఆవిష్కరించిన ఆ కట్టడం అందరికోసం కట్టిందే, చెక్కిన పేర్లు మాత్రం 13 వేల చిల్లర. అవి ముఖ్యంగా వాయవ్య సరిహద్దులోనూ మూడో అఫ్గాన్ యుద్ధంలోనూ పోయినవాళ్ళవి. బ్రైటన్ దగ్గరి ఛత్రి కథ ఇంకోలాంటిది. ఇంగ్లండు ఆస్పత్రుల్లో చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సైనికులను దహనం చేసినచోట 1921లో ఆ మండపం వెలిసింది. వాళ్ళ పేర్లతో గోడ లేచింది 2010లో. ఎనభై తొమ్మిదేళ్ళు ఆలస్యమైనా పేర్లు దొరికాయి, ఎందుకంటే జాబితా మిగిలింది.

ఇక తెలుగువాళ్ళ సంగతి. ఇక్కడ మరీ జాగ్రత్తగా నడవాలి, ఎందుకంటే ఆధారం పలచబడుతుంది. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో ఈస్టిండియా కంపెనీ మదరాసు సైన్యంలో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్ళు. 1880ల మొదట్లో మదరాసు సైన్యాధిపతిగా, తర్వాత దేశ సేనాధిపతిగా పనిచేసిన ఫ్రెడరిక్ రాబర్ట్స్ దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని తేల్చేశాడు. 'యుద్ధజాతుల' సిద్ధాంతం అలా విధానంగా మారింది. మదరాసు పటాలాలను కొన్నిటిని రద్దు చేశారు, కొన్నిటిని ఉత్తరాదివాళ్ళతో నింపారు. ఈ తీర్పుకు ఋజువు ఏమిటని చూస్తే దీర్ఘకాలం యుద్ధం లేకపోవడం కనిపిస్తుంది. యుద్ధానికి పంపనివాడికి పోరాటం రాదని అనడం ఋజువు కాదు, వాదం తన తోక తానే పట్టుకోవడం.

1914 నవంబరు మొదటివారంలో తూర్పు ఆఫ్రికాలోని టాంగా దగ్గర జరిగిన ఓటమిని ఈ సిద్ధాంతానికి నిదర్శనంగా చూపుతుంటారు. అక్కడ మదరాసు పటాలాలు, 63వ పాలంకోట, 61వ పయనీర్లు, ఉన్నమాట నిజం. 63వ పటాలం చెదిరిపోయిందన్నదీ నిజమే. అదే రోజు 13వ రాజపుత్రులు కూడా చెదిరారు, వాళ్ళు 'యుద్ధజాతి' జాబితాలోవాళ్ళు. ఆ దళాలన్నీ వారాల తరబడి కిక్కిరిసిన ఓడల్లో ప్రయాణించి, కుదుటపడే వ్యవధి లేకుండా తీరాన దిగాయి. దాడికి ముందే శత్రువుకు హెచ్చరిక అందింది. వీటన్నిటినీ పక్కనపెట్టి జాతి గుణాన్ని తప్పుపట్టడం సేనానులకు సౌకర్యంగా ఉండేది. ఆ యుద్ధంలో ఉన్న గూఢచారి అధికారి రిచర్డ్ మైనర్ట్స్‌హాగెన్ డైరీని చాలామంది ఉటంకిస్తారు. ఆయన రాతల విశ్వసనీయత మీద చరిత్రకారులు తర్వాత గట్టి సందేహాలే లేవనెత్తారు.

దీని పర్యవసానం రద్దయిన పటాలాలతో ఆగలేదు. సైన్యంలో జ్ఞాపకాన్ని మోసేది రెజిమెంటు. 1897 సెప్టెంబరు 12న సారాగఢీ దగ్గర చనిపోయిన 36వ సిక్కు పటాలం జవాన్లు 21 మందీ పేరుపేరునా తెలుసంటే, ఏటా ఆ తేదీన తలచుకునే రెజిమెంటు, గురుద్వారాలు ఉండబట్టే. మదరాసు పదాతి పటాలాలు 1920ల చివరికి లేకుండా పోయాయి. రెజిమెంటును తిరిగి నిలబెట్టింది రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక, 1941లో. మధ్యలో పాత యుద్ధాల రోజులు జరిపేవాళ్ళు, పేర్లు చదివేవాళ్ళు లేరు. మన సైనికులు మన సాహిత్యంలో, పాఠ్యపుస్తకాల్లో అంత తక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణమని నా అంచనా. సెన్సారు అధికారులు ఎత్తిరాసుకోబట్టి మిగిలిన సైనికుల ఉత్తరాలు మొదటి యుద్ధంపై విలువైన ఆధారం. కానీ అవి ఎక్కువగా ఫ్రాన్స్ వెళ్ళిన దళానివి. ఆ దళంలో మదరాసు పదాతి లేదు, కాబట్టి వాటిలో మన ఊళ్ళ గొంతు కోసం వెతకడం వృథా శ్రమ.

అయితే ఊరు మరిచిపోలేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని పశ్చిమ గోదావరిలో ఎవరినడిగినా మిలిటరీ మాధవరం అనే చెబుతారు. ఆరుగొలను కోట కాపలాకు పూసపాటి మాధవవర్మ తెచ్చిన సైనికుల వంశాలు తమవని అక్కడివాళ్ళ చెప్పుకోలు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యికి పైగా వెళ్ళారని ఊరి లెక్క. కోట కథను ఊరి ఐతిహ్యంగా తీసుకోవాలి. ఈ సంఖ్యలను మాత్రం పింఛను కాగితాలు, పతకాల రిజిస్టర్లతో సరిచూడవచ్చు. పంజాబు విషయంలో అలాంటి పని మొదలైంది. యుద్ధం అయిన వెంటనే ఊరువారీగా తయారై లాహోర్ మ్యూజియంలో ఉండిపోయిన రిజిస్టర్లలోని సుమారు 3,20,000 మంది వివరాలను 2021 నుంచి అందరికీ అందుబాటులోకి తెస్తున్నారు.

పేరుతో స్మరించడం మనకు కొత్త కాదు. కడప, చిత్తూరు ప్రాంతాల వీరగల్లుల్లో ఎందరో మామూలు మనుషులు కనిపిస్తారు. ఆవుల మందను కాపాడుతూ పోయినవాడి పేరు, ఊరు, ఎవరి పక్షాన పోరాడాడో చెక్కినవి ఉన్నాయి. కారెంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే పల్నాటి వీరారాధనలో వీరుల ఆయుధాలను, కొణతాలను, వంశాలవాళ్ళు తెచ్చి కొలుస్తారు. ఆ యుద్ధ కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది వేరే చర్చ.

స్వాతంత్ర్యం తర్వాత పేర్లు నమోదయ్యాయి, కానీ అక్కడా సాక్ష్యం ఇబ్బంది పెట్టిన ఘట్టాలున్నాయి. 1962 నవంబరు 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర 13వ కుమావూ పటాలం చార్లీ కంపెనీ, మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో దాదాపు ఆఖరి మనిషి దాకా పోరాడింది. బతికి బయటపడిన కొద్దిమంది చెప్పింది మొదట చాలామంది నమ్మలేదు. మంచు కరిగే వేళకు కందకాల్లో ఆయుధాలు పట్టుకున్న స్థితిలోనే శరీరాలు దొరికాయి. మృతుల సంఖ్య 110 అని కొందరు, 114 అని ఇంకొందరు రాస్తారు. ఈ నాలుగు పేర్ల తేడా నాకు చిన్నదిగా తోచదు. అదే చైనా యుద్ధంలో రక్షణ శాఖ లెక్క ప్రకారం 1,383 మంది చనిపోయారు, 1,696 మంది జాడ తెలియలేదు. చనిపోయినవాళ్ళ కంటే గల్లంతైనవాళ్ళు ఎక్కువ.

2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో 1947 నుంచి పోయినవారి పేర్లు గ్రానైట్ పలకల మీద ఉన్నాయి. ప్రారంభం నాటికి అవి 25,942. హోదాను బట్టి పేరు మానేయడం అక్కడ లేదు. బాస్రాకూ దీనికీ ఉన్న తేడా అది, చిన్న తేడా కాదు.

రాయి సమానంగా ఉన్నంతమాత్రాన జనం జ్ఞాపకం సమానం కాదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు చనిపోయారు. 16వ బిహార్ పటాలం కమాండింగ్ అధికారి కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు సూర్యాపేటవాడు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర వచ్చింది, ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో విగ్రహం లేచింది. ఆ గౌరవం న్యాయమైనదే. ఆయనతోపాటు పోయి మరణానంతరం వీరచక్ర పొందిన నాయబ్ సుబేదార్ నుదురాం సోరెన్, హవల్దార్ కె. పళని, నాయక్ దీపక్ సింగ్, సిపాయి గుర్తేజ్ సింగ్ పేర్లు మన తెలుగు పత్రికల్లో ఎన్నిసార్లు కనిపించాయో ఓపికున్నవాళ్ళు లెక్కపెట్టి చూడవచ్చు. గ్రంథాలయాల్లో ఆ నెల సంచికలు ఇంకా దొరుకుతాయి.