చూరు నీళ్ల చరిత్ర: నేరం సిమెంటుదా, వీధిదా?

తెలుగువాళ్ల ఇళ్ల గురించి వచ్చిన రాతల్లో వాన నీటి ప్రస్తావన రెండు రకాలుగా కనిపిస్తుంది. మొదటి రకంలో మండువా లోగిలి, వీధి అరుగు, గానుగ సున్నం వరసగా వస్తాయి. పూర్వీకులకు అన్నీ తెలుసనీ, సిమెంటు వచ్చి అంతా చెడగొట్టిందనీ వ్యాసం ముగుస్తుంది. రెండో రకం ఇంజనీరింగు పాఠాలది. గోడకు చెమ్మ ఎక్కకుండా చూసుకునే విద్య పబ్లిక్ వర్క్స్ శాఖతోనే ఈ దేశానికి వచ్చిందనీ, అంతకుముందు జనం నెమ్ము గోడల మధ్యే బతికారనీ వాటిని చదివితే అనిపిస్తుంది. ఈ రెండింటిలో ఏదీ నాకు సమ్మతం కాదు. రెండూ ఇంటినే చూస్తాయి, ఇంటి ముందున్న వీధిని చూడవు. పట్టణాల్లో, పెద్ద ఊళ్లలో గత నూరేళ్లుగా పునాదుల పక్కన నీరు నిలవడానికి మూలం వీధిలోనే ఉందని నా అభిప్రాయం.

వాన నీరు పునాదిని చేరే దారులు ఎప్పుడూ ఉన్నవే. కప్పు మీంచి జారి చూరు కింద పడేది ఒకటి. నేలను కొట్టి గోడ పాదానికి చిందేది ఇంకొకటి. ఈ రెండింటినీ ఇంటివాడు తన కష్టంతో ఆపుకోగలడు. నేలలోంచి గోడలోకి పాకే చెమ్మను మేస్త్రీ నేర్పు ఉంటే చాలావరకు అడ్డుకోవచ్చు. పక్క స్థలం నుంచో, వీధి నుంచో పారి వచ్చే నీళ్ల ముందు మాత్రం ఒక్క ఇంటివాడు చెయ్యగలిగింది తక్కువ. అక్కడ చట్టం కావాలి, ఊరి కట్టుబాటు కావాలి.

ఈ సంగతి చాలా పాతది. మొహెంజొదారోలో తరాలు గడిచేకొద్దీ వీధులు మెరకయ్యాయి. వాటితో పాటు ఇళ్ల నేలలు, మురుగు కాలవలు, బావుల ఒరలు కూడా పైకి లేపుకుంటూ పోయారు. తవ్వకాల తర్వాత ఆ బావులు పొగగొట్టాల్లా నిలబడి కనిపిస్తాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రం మూడో అధికరణంలో ఇళ్ల తగాదాల అధ్యాయం ఉంది. ఇంటి నీళ్లు పోయే కాలవ వాలుగా ఉండాలనీ, పొరుగువాడి హద్దుకు మూడు పాదాలో ఒకటిన్నర పాదమో ఎడంగా ఉండాలనీ అందులో నియమం. తప్పితే 54 పణాల జరిమానా. పక్కపక్క ఇళ్ల చూర్ల మధ్య నాలుగంగుళాల ఎడం ఉండాలి, లేదా ఒక చూరు రెండో దాన్ని కప్పాలి. ఇంత వివరంగా రాయవలసి వచ్చిందంటే తగాదాలు ఎంతగా ఉండేవో ఊహించుకోవచ్చు. రామప్ప గుడి వంటి కట్టడాల వెడల్పాటి రాతి చూర్ల గురించి శిల్ప చరిత్రకారులు చాలినంత రాశారు కాబట్టి వాటి జోలికి పోను. గుళ్లకు రాజుల డబ్బుంది. మనం మాట్లాడుకునేది మట్టి గోడల ఇళ్ల గురించి.

ఆ ఇళ్లు మూడు ప్రాంతాల్లో మూడు విధాలు. ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లుకు గడ్డి కప్పు బాగా కిందికి దిగి ఉంటుంది. మనిషి వంగి లోపలికి వెళ్లాలి. గాలివానలో గోడ మీద చినుకు పడదు, చూరు నీళ్లు గోడకు దూరంగా పడతాయి. రాయలసీమ మిద్దెకు చూరే లేదు. వాన తక్కువ కాబట్టి బల్లపరుపు మట్టి కప్పు చాలింది. దాని మీద ఏటా వానలకు ముందు చౌడు మన్ను పరిచేవారు. చౌడులో సోడియం ఉప్పులుంటాయి. తడవగానే అందులోని సన్నటి బంకరేణువులు విడిపోయి సందులన్నీ మూసేస్తాయి. నీళ్లు తూముల గుండా గోడకు దూరంగా పడతాయి. పొలానికి పనికిరాని మన్ను ఇంటికి గొడుగయింది. తెలంగాణలోనూ సీమలోనూ రాయి దొరికే చోట మోకాలెత్తు రాతి కట్టుబడి లేపి, దాని మీదే మట్టి గోడ పెట్టేవారు. నేల చెమ్మ పైకి పాకకుండా ఆ రాయి చాలావరకు ఆపేది. పాఠ్యపుస్తకాలు ఈ పనిని లెక్కలోకి తీసుకోవు.

గోదావరి, కృష్ణా డెల్టాల మండువా లోగిలిని మాత్రం నేను అందరిలా పొగడలేను. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలితే సగం వాన ఇంటి నడుమకే వస్తుంది. దాన్ని వాన నీటి సంరక్షణ అని ఇప్పుడు మెచ్చుకుంటున్నారు. నా లెక్కలో అది గాలి కోసం, వెలుతురు కోసం, ఉమ్మడి కుటుంబం కోసం కోరి తెచ్చుకున్న ముప్పు. ఆ ముప్పును తట్టుకోవడానికి రాతి పరుపు, వాలు, గదుల కిందుగా బయటికి పోయే తూము కావలసి వచ్చాయి. తూములో ఆకులు అడ్డం పడితే నీళ్లు వసారాలోకి ఎక్కుతాయి. పనివాళ్లున్న ఇంట్లోనే అది సాగింది.

ఇక అరుగు. బాటసారులకోసం, ఊరి కబుర్లకోసం అరుగు కట్టారని ప్రతి వ్యాసమూ చెబుతుంది. అందుకు పనికొచ్చిన మాట నిజం. అయితే ఏ అతిథీ కూర్చోని పెరటి వైపు కూడా అరుగు ఎందుకుంది? మనిషి పట్టని పక్క సందులో గోడ పాదాన్ని ఆనుకుని జానెడు మట్టి గట్టు ఎందుకు పోశారు? చూరు నీళ్లు చిందే చోట గోడ కరగకుండా ఆ గట్టు దెబ్బ కాస్తుంది. అరిగిపోతే పండగ ముందు మళ్లీ మట్టి మెత్తి పేడతో అలుకుతారు. గోడను తిరగ కట్టడం కంటే గట్టును తిరగ మెత్తడం తేలిక. వీధి వైపు అదే గట్టును వెడల్పు చేస్తే మనిషి కూర్చున్నాడు. నీటి పని ముందు, మర్యాద పని తర్వాత అని నేననుకుంటాను.

ఇదంతా ఎప్పుడు పోయింది? సిమెంటు వచ్చాకే అని వాడుకలో ఉన్న మాట. ఇక్కడే తేదీలు అడ్డం తిరుగుతాయి. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు 1824 నాటిది. తెలుగు పల్లెకు అది చేరింది చాలా ఆలస్యంగా. పర్మిట్ల కాలం గుర్తున్నవారు ఒప్పుకుంటారు, ఇంటికి పది బస్తాలు దొరకడమే గగనం. సిమెంటు మీద నియంత్రణ 1982లో కొంత సడలింది, 1989లో పూర్తిగా పోయింది. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది 1979లో. పల్లెల్లో స్లాబు ఇల్లు మామూలు మనిషికి అందింది ఆ తర్వాతే. కానీ పట్టణాల్లో అరుగులు అంతకు చాలా ముందే కూలడం మొదలైంది. పైన బంగాళా పెంకే ఉంది, గోడ సున్నందే, అరుగు మాత్రం లేదు. ఈ నష్టాన్ని సిమెంటు ఖాతాలో ఎలా రాస్తాం?

సిమెంటు నిర్దోషి అని కాదు. మట్టి గోడకు, సున్నపు గోడకు బయట గట్టి సిమెంటు పూత పూస్తే లోపలి చెమ్మకు బయటపడే దారి ఉండదు. ఉప్పులు పైకి తేలి పెచ్చులూడతాయి. పెంకుటింటికి రెండు మూడడుగులు ముందుకొచ్చిన చూరు స్లాబు ఇంట్లో కిటికీ మీద సన్‌షేడుగా కుదించుకుపోయింది. అది గోడకు గాయమే. పునాది సంగతి వేరు.

ఆ చరిత్ర వీధిలో ఉంది. 1882 సులభభోగ హక్కుల (ఈజ్‌మెంట్స్) చట్టం మొదటినుంచీ మద్రాసు రాజధానికి వర్తించింది. ఎగువ నేల మీద పడిన నీళ్లు సహజంగా దిగువ నేలకు పారే హక్కును అది గుర్తించింది. అంటే ఎవరు ఎగువ, ఎవరు దిగువ అన్నదే అసలు ప్రశ్న. ఆనాటికి చాలా ఊళ్లలో వీధి దిగువ, ఇళ్లు ఎగువ. వానాకాలంలో వీధే కాలవ, బురద తొక్కుకుంటూ నడిచినా ఇల్లు పొడిగా ఉండేది. 1920 మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వీధిలోకి పొడుచుకొచ్చిన కట్టడాలను తీసేయించే అధికారం పురపాలక సంఘాలకిచ్చింది. వీధులు ఇరుకు, బండ్లు తిరగాలి, కారణం న్యాయమైనదే. అయితే అరుగు పోయిన చోట గోడ పాదం నేరుగా వీధి అంచున నిలబడింది. దెబ్బ కాసే గట్టు పోయి, అదే చోట మురుగు కాలవ తవ్వారు. కాలవ పూడినప్పుడల్లా తడిసేది పునాదే.

రెండో దెబ్బ ఎత్తుది. లెక్క చూడండి. సీసీ రోడ్డు పలక మందం సాధారణంగా 150 మిల్లీమీటర్లు, కింద పరుపు ఇంకో 100. తర్వాత దాని మీద 40 మిల్లీమీటర్ల తారు పూత నాలుగుసార్లు వేస్తే 160. పాతది చెక్కకుండా వేస్తే మొత్తం 410. ఇప్పుడు జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 కూర్పు చూడండి. ఇంటి నేలమట్టం చుట్టుపక్కల నేలకంటే కనీసం 450 మిల్లీమీటర్లు పైన ఉండాలంటుంది. అంటే నియమం తప్పకుండా కట్టినవాడికి ఒక తరం గడిచేసరికి మిగిలేది నాలుగు సెంటీమీటర్లు. వీధి గుమ్మానికి నాలుగు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లవలసి రావడం బెజవాడ, రాజమండ్రి పాత పేటల్లో కొత్త సంగతి కాదు. ఇల్లు కుంగిందని ఇంటివాళ్లు అనుకుంటారు. కుంగింది ఏమీ లేదు.

ఈ వాదనకు హద్దులున్నాయి. డెల్టాలో ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల తర్వాత కాలవ నీటితో భూగర్భ జలం పైకొచ్చి, వానతో పని లేకుండానే గోడలకు చెమ్మెక్కిన ఊళ్లున్నాయి. నల్లరేగడి నేలల్లో చిక్కు వేరు. ఆ మన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలిస్తుంది. గోడ అంచున తడిసి, ఇంటి నడుమ పొడిగా ఉంటే పునాది ఒక పక్కనే లేచి గోడ చీలుతుంది. అక్కడ రోడ్డును తిట్టి లాభం లేదు. పునాది చుట్టూ మొరం నింపి, గోడ వెంట మూడడుగుల గచ్చు వాలుగా పోసుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండి పడి బెజవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు ఏ అరుగూ, ఏ మెరకా కాపాడేది కాదు. అది వరద, దాని చరిత్ర వేరే రాయాలి. నేను చెప్పేది ఏటా వచ్చే మామూలు వాన గురించి.

ఇప్పటి స్థితి నాకు సంతోషం కలిగించడం లేదు. కార్లు పెట్టుకోవడానికి సెల్లార్లు తవ్వుతున్నాం. ఎగువన ఉండవలసిన ఇంటిని మన చేతులతో మనమే వీధికి దిగువన పెట్టుకుంటున్నాం. హైదరాబాదులో 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 240 మిల్లీమీటర్ల పైగా వాన పడింది. ఆ లెక్కన నూరు గజాల కప్పు మీదే దాదాపు 20 వేల లీటర్లు. అంత నీటికి దారి చూపకుండా, వీధి కంటే పల్లంలో గొయ్యి తీసి మోటారును నమ్ముకోవడం నాకు తెలివైన పనిగా తోచదు. కరెంటు పోయేదీ అదే వానకు. 2024 జులై 27న ఢిల్లీలో ఒక కోచింగ్ కేంద్రం సెల్లార్‌లోకి వీధి నీరు దూకి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. వారిలో ఒకమ్మాయి కుటుంబం తెలంగాణలో ఉంది.

ఇంకుడు గుంత మీద కూడా నాకొక అభ్యంతరం. 2002 వాల్టా చట్టం నాటినుంచీ దాన్ని ప్రోత్సహిస్తున్నారు, ఉద్దేశం మంచిదే. కానీ మూడడుగుల సందులో, పునాదిని ఆనుకుని గుంత తవ్వితే నీళ్లు ఇంకేది ఎక్కడికి? పెద్దలు చూరును ముందుకు చాచి దూరంగా పంపిన నీటిని మనం గొట్టం పెట్టి గోడ కిందికే తెచ్చుకుంటున్నాం. చోటు లేని ఇళ్లవాళ్లు వీధికంతటికీ కలిపి పార్కులో ఒక పెద్ద గుంత తవ్వుకోవడం మేలు.

జాకీలతో ఇళ్లు లేపడం ఈ మధ్యకాలపు వింత. గోడ కింద కోసి, వరసగా జాకీలు పెట్టి, మొత్తం ఇంటిని మూడు నాలుగడుగులు పైకెత్తి కింద ఇటుక కడతారు. పనితనం మెచ్చదగ్గదే. కానీ లక్షలు పోసి ఒకరు లేపుకుంటే నీళ్లు పక్కింటికి పోతాయి, రోడ్డు మళ్లీ వేస్తే ఆ మెరకా తరుగుతుంది. చెమ్మకు రసాయనం పూయడం కూడా అంతే. నీరు చేరే దారి అలాగే ఉన్నప్పుడు పూత ఎక్కువ కాలం నిలవదు.

పరిష్కారం ఖరీదైనది కాదు. కొత్త పొర వేసే ముందు పాత రోడ్డును అంత మందమూ చెక్కి తీసేయాలి, అంతే. తమిళనాడు ప్రభుత్వం 2021లో అధికారులకు ఇలాంటి ఆదేశమే ఇచ్చింది. భవన నియమాల్లోనూ ఎత్తును చుట్టుపక్కల నేలనుంచి కాక, వీధి నడుమ మట్టంనుంచి కొలవాలి. ఈ రెండూ జరిగేదాకా చదువరులకు నా మనవి ఒకటే. మీ వీధిలో రోడ్డు పని మొదలైన రోజునే, కాంక్రీటు పోయకముందే ఇంజనీరు దగ్గరికి వెళ్లి, పని పూర్తయ్యాక వీధి మట్టం మీ గడపకు ఎన్ని అంగుళాలు కిందుంటుందో అడగండి. ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి.