పంకా విమానముల కాలము



ప్రత్తి బస్తాలు నింపుకొని సత్తెనపల్లి నుండి గుంటూరునకు బయలుదేరిన ఎడ్లబండి గంటకు రెండు, రెండున్నర మైళ్లు నడచెడిది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట మన దేశమున ఎగిరిన డకోటా విమానము గంటకు సుమారు 170 మైళ్లు పోయెడిది. బండియు విమానమును ఒకే కాలమున, ఒకే దేశమున నడచినవి. 1945 మొదలు 1960 వరకు గల ఆ పంకా విమానముల కాలమును పలువురు ఆకాశయానమునకు స్వర్ణయుగమందురు. ఆ స్వర్ణము ఎవరికి దక్కినదో, దాని వెల ఎవరు చెల్లించిరో నేడు మీకు విన్నవింపదలచితిని.

యుద్ధానంతరము అమెరికా సైన్యము వారి డకోటాలు మన దేశమున చౌకగా అమ్ముడువోయెను. వానిని కొని పెక్కు కంపెనీలు వెలసినవి. అందొకటి తెలుగు నేలపైననే పుట్టినది. నిజాము ప్రభుత్వపు రైల్వేయు, టాటావారును కలసి 1945లో డెక్కన్ ఎయిర్వేస్ సంస్థను నెలకొల్పిరి. బేగంపేట దాని స్థావరము. రెండు ఇంజనులు, రెండు పంకాలు, ఇరువదికి అటునిటుగా ఆసనములు గల డకోటాలే దాని వాహనములు. విమానము నడపుటకు అర్హత పొందిన ప్రేమ్ మాథుర్ అను యువతిని ఇతర కంపెనీలు ఆడుదియని త్రోసిపుచ్చగా, పైలటు పని ఇచ్చినది ఈ హైదరాబాదు సంస్థయే. 1953లో ఇదియు మరి యేడు కంపెనీలును ప్రభుత్వపరమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలసిపోయెను.

ఇక సముద్రాంతర యానము. 1948 జూన్ 8వ తేదీ మంగళవారమున ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ వారి ‘మలబార్ ప్రిన్సెస్’ బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండనుకు బయలుదేరెను. ఇది నాలుగు ఇంజనుల కాన్‌స్టెలేషన్ విమానము. ఇరువది వేల అడుగుల యెత్తున గాలి పలుచన; మనుష్యునికి ఊపిరాడదు. అందుచే విమానపు గదిలోనికి యంత్రములతో గాలి నింపి, ప్రయాణికులు సుఖముగా కూర్చుండునట్లు చేసిరి. ఇంధనము కొఱకు నడుమ నడుమ దిగవలసివచ్చినను, ఓడపై సుమారు మూడు వారములు పట్టు ప్రయాణము రెండు దినములలో ముగిసెడిది. ప్రకటించిన ఛార్జీ 1,720 రూపాయలు. ఆనాటి సామాన్య రైతునకు అది కలలోని మాట.

అట్లని ఆ యుగము ధనికులకే ఉపకరించెననుట న్యాయము గాదు. 1949 జనవరి 30 నుండి రాత్రి తపాలా విమానములు నడచినవి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుండి నాలుగు విమానములు రాత్రివేళ బయలుదేరి నాగపూరులో కలిసి, సంచులు మార్చుకొని, తెల్లవారులోగా తిరిగి చేరుకొనెడివి. మద్రాసున సాయంత్రము వేసిన ఉత్తరము మరునాటి ఉదయమునకు ఢిల్లీలో నుండెడిది. విమానమును కంట చూడనివాని జాబు సయితము విమానమెక్కినది. ఆ యుగమున సామాన్యునికి దక్కిన స్వర్ణమిదియే యని నా తలంపు.

వెల మాటయు చెప్పవలెను. 1950 నవంబరు 3న ఆ మలబార్ ప్రిన్సెస్సే జెనీవాలో దిగబోవుచు ఆల్ప్సు పర్వతములలోని మౌంట్ బ్లాంకు శిఖరమునకు తగిలి కూలినది. విమాన సిబ్బంది ఎనిమిది మంది, ప్రయాణికులు నలువది మంది, ఒక్కరును మిగులలేదు. ఆ ప్రయాణికులు జమీందారులు గారు, వర్తకులు గారు. ఓడలలో కొలువునకై సీమకు పోవుచుండిన భారతీయ నావికులు. విలాసయానమని ప్రకటనలలో వర్ణింపబడిన విమానమున ప్రాణములు కోల్పోయినవారు కూలికై పోయిన పేదలు.

1960లో బోయింగ్ 707 జెట్టు విమానములు ఎయిర్ ఇండియాకు రాగా, దూరదేశయానమున పంకాలకు కాలము చెల్లినది. నేడు తెలుగువారి బిడ్డలు వేలకొలది సముద్రములు దాటుచున్నారు. వారు ఇంటికి క్షేమముగా చేరితిమని కబురంపినపుడు, ఆ త్రోవను మొదట తీర్చిన పంకా విమానములతోపాటు, మంచుకొండపై నిలిచిపోయిన ఆ నావికులను గూడ తలచుకొనుట మనకు ధర్మము.